మొదటి సెల్‌ఫోను కేసు

సాయంత్రం అయిదు లోపల ఒక్క కేసైనా పట్టకపోతే కానిస్టేబుల్ దశరథానికి అమ్రాబాద్ అడవికి బదిలీ. ఎస్సై పొద్దున్నే ఆ మాట చెప్పేశాడు.

బండి నడుపుతూ సెల్‌ఫోన్లో మాట్లాడేవాళ్లను పట్టుకోవాలని పైనుంచి ఉత్తరువు వచ్చి పది రోజులైంది. అది 1999. కట్టంగూరు చుట్టుపక్కల సెల్‌ఫోను ఎవరి దగ్గరుందో ఆ ఉత్తరువు రాసినవాళ్లకే తెలియాలి. దశరథం మాత్రం రోజూ హైవే మీద నిలబడి, వచ్చే పోయే బండ్లలో మనుషుల చెవులు చూస్తున్నాడు. ఒకడి చెవి మీద బీడీ ఉంది. ఇంకొకడు పంటినొప్పితో చెంప పట్టుకున్నాడు. ఏం లాభం? రెండూ నేరాలు కావు.

అడవికి ఆయన భయపడడు. కాని వచ్చే నెలలో కూతురి పదో తరగతి పరీక్షలు. ఇప్పుడు ఇల్లు కదిలితే పిల్ల చదువు ఆగం. అందుకే చెరువుగట్టు శివుడికి మొక్కుకున్నాడు.

"ఒక్క నేరస్తుణ్ణి తోలియ్యి సామీ, కొబ్బరికాయ కొడత."

నేరం జరగాలని పోలీసు మొక్కుకుంటే పాపం దేవుడు మాత్రం ఏం చేస్తాడు?

నాలుగున్నరకు నార్కట్‌పల్లి వైపు నుంచి ఒక పాత జీపు వచ్చింది. ముందు సీట్లో కుడివైపు కూర్చున్న మనిషి నల్లటి ఫోను చెవికి ఆనించి "హలో, హలో" అని అరుస్తున్నాడు.

దశరథం లాఠీ అడ్డం పెట్టి జీపు ఆపాడు. పరుగున కుడివైపుకు పోయి ఫోను లాక్కున్నాడు. ఆ ఫోను తప్ప ఆయన కళ్లకు ఇంకేదీ కనిపించలేదు.

"పేరు?"

"హమీద్ సార్. హైద్రాబాద్ల మటన్ దుకాణం. గొర్లు కొననీకె తిరుమలగిరి పోతున్న."

"బండి నడుపుకుంట ఫోన్ల ముచ్చట్లా?"

"బండి నేను నడుపలే సార్."

"మరి దానంతట గదే నడిసొచ్చిందా? దొరికినోడల్ల గిదే చెప్తడు. లైసెన్సు తియ్."

"లైసెన్సు లేదు సార్. అసలు నాకు బండి నడుపుడే రాదు."

దశరథం ముఖం వెలిగిపోయింది. ఒక్కటి అడిగితే స్వామి రెండు కేసులిచ్చాడు! వెంటనే కాగితం తీసి రెండూ రాసేశాడు.

"సార్, జర సూడుండ్రి..." పక్కన కూర్చున్న బీరన్న నోరు తెరిచాడు. జీపులో ఉన్నది వాళ్లిద్దరే.

"నిన్ను అడిగిన్నా? నువ్వు సాక్షివి. గీడ సంతకం పెట్టు."

"గట్ల కాదు సార్..."

"పెడ్తవా, నీ పేరు గూడ రాయాల్నా?"

బీరన్న పెట్టాడు. హమీద్ కూడా నెత్తి కొట్టుకుని పెట్టాడు.

అయిదుకు ఇంకా పది నిమిషాలున్నాయి. దశరథం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూతురు గుర్తొచ్చి మనసు మెత్తబడింది.

"ఇగ పోండ్రి. ఫోను ఠాణాల ఉంటది. కాని సాయెబూ, నువ్వు నడపొద్దు. లైసెన్సు లేనోని చేతికి బండి ఇచ్చిన పాపం నాకెందుకు? మీ ఇద్దరిల లైసెన్సు ఎవలికుంది?"

"నాకుంది సార్," అన్నాడు బీరన్న.

"ముందుగాల చెప్పొద్దా మరి! జల్ది సీట్లు మారుండ్రి. నువ్వే నడుపుకపో."

"సరే సార్" అని బీరన్న, కూర్చున్న చోటు నుంచి జానెడు కూడా జరగకుండా, ఆ పాత జీపుకు ఎడమవైపునే ఉన్న స్టీరింగు పట్టుకుని బండి కదిలించాడు.