భుజం మీద తెల్ల పొడి

"పిట్టను తెస్తే తెచ్చావు గానీ నోలీన్, నేను మాత్రం ముట్టుకోను," అన్నాడు మా ఆయన డెస్ మొదటి రోజే.

ఇదివరకు పెంచినవాళ్ళ ఇంట్లో తోటి పక్షి తలమీది ఈకలన్నీ పీకి బోడితల చేసిన లోరికీట్ చిలుక అది. ఆస్ట్రేలియాలో మా ఊరు బండబర్గ్‌లోని పక్షుల శరణాలయం నుంచి తెచ్చుకున్నాను. దాని తిండికి తేనెరసం కలపడం, స్నానం చేయించడం అన్నీ నేనే. మధ్యాహ్నం నేను పచ్చికమీద బంతులు దొర్లించే ఆటకని బౌల్స్ క్లబ్బుకు వెళితే డెస్ రేడియోలో క్రికెట్ వింటూ కూర్చునేవాడు.

నెల తిరక్కుండానే అతని చొక్కా భుజాల మీద తెల్ల పొడి కనిపించింది. "చుండ్రయ్యా బాబూ! మనుషుల్లోకి ఎలా వస్తావు?" అని మందు షాంపూ కొనిచ్చాను. బుద్ధిగా రోజూ రుద్దుకున్నాడు.

ఇవాళ ఇద్దరం తీసుకెళితే పక్షుల డాక్టరమ్మ చిలుక తలనిండా కొత్తగా మొలిచిన నీలి ఈకలు చూసి మురిసిపోయింది.

"కొత్త ఈక తెల్లటి తొడుగులో వస్తుందమ్మా. తలమీదవి దాని ముక్కుకు అందవు. ఎవరో ఓపిగ్గా ఒక్కొక్కటే వేళ్ళతో నలిపి ఆ తొడుగును పొడిగా రాల్చారు. మీరేనా?"

నేను డెస్ భుజాల వంక చూశాను.

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ షాంపూ మంచిదేలే," అన్నాడు.