హిందీలో వైద్యం

"లోపల తెలుగు మాట్లాడకు. మనోళ్ళెవరైనా ఉంటే కొంప మునుగుతాది," అంది లక్ష్మీకుమారి, టెంపో దిగి కొంగుతో మొహం తుడుచుకుంటూ.

కూతురు భాగ్యరేఖ తలూపింది. భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల. హిందీ మాట్లాడటం కష్టం కాదు. దాచడమే కష్టం.

భాగ్యరేఖకి నెలసరి సరిగ్గా రావడం లేదు. దానికి తోడు మొహం నిండా మొటిమలు. ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లుండే తమ సెక్టార్లో ఏ ఆసుపత్రికెళ్ళినా క్యూలో సగం మంది తెలిసినవాళ్ళే. సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుంది. అందుకే టెంపోలు మారి, వైశాలి నగర్‌లోని ఈ ప్రకృతి చికిత్సాలయానికి వస్తున్నారు.

పొట్ట మీద తడిమట్టి పట్టీ. తొట్టిలో నడుము మునిగేలా చన్నీళ్ళ స్నానం. ఉప్పులేని కూర.

ఇంటికెళ్ళి మిగతావాళ్ళకి మళ్ళీ ఉప్పేసి విడిగా వండాలి. లక్ష్మీకుమారికి ప్రాణం విసిగిపోయింది.

పక్క చాప మీద ఒకావిడ రోజూ కనిపించేది. ముట్లుడిగే వయసు. ఒళ్ళంతా ఆవిర్లు వస్తున్నాయని వైద్యం చేయించుకుంటోంది.

"క్యా హువా బేటీకో?" అని మొదటిరోజే అడిగింది.

"కుఛ్ నహీ దీదీ, గర్మీ," అని ఒంట్లో వేడి మీదికి నెట్టి తేల్చేసింది లక్ష్మీకుమారి.

భాగ్యరేఖకి అలా తేల్చేయడం చేతకాలేదు. మట్టి పట్టీతో పడుకుని, ఉన్నదంతా హిందీలో చెప్పేసింది.

ఆవిడ హిందీలోనే ఓదార్చింది. తనకీ ఆ వయసులో ఇదే బాధట. పెళ్ళయ్యాక తెలిసి అత్తగారు అనరాని మాటలందట. వైద్యం కుదిరాక కొడుకు పుట్టాడట. దాచుకోవద్దు, భయపడొద్దు అంది.

"ఊరందరి కడుపులూ ఈవిడికే కావాల!" అని తెలుగులో గొణిగింది లక్ష్మీకుమారి.

"అమ్మా, ఆవిడ వింటోందే!"

"వింటే ఏటి? తెలుగొచ్చేటి ఆవిడికి?"

ఆ ధైర్యంతో గొంతు ఇంకాస్త పెంచింది.

"నువ్వు మాత్రం నోరు కట్టుకో. ఆదివారం భిలాయి-3 పేట నించి తిరుమలరావుగారోళ్ళు చూపులకొస్తన్నారు. ఇలాటిది ఉందని తెలిస్తే గుమ్మంలోంచే ఎనక్కెళ్ళిపోతారు."

"చెప్పేద్దామమ్మా. రేపు తెలిస్తే మాటలు పడేది నేనే కదా?"

"పెళ్ళయ్యాక ఎవుడేటి చేస్తాడు?"

పక్కనావిడ కళ్ళు మూసుకుని పడుకునే ఉంది.

ఆదివారం టీవీలో సీరియల్ కట్టేసి, కుర్చీలు సర్దారు. తిరుమలరావు, ఆయన కొడుకు హరినాథ్, మధ్యవర్తి అప్పలసూరి వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి రాలేదు. ఒంట్లో నలతగా ఉందట.

హరినాథ్ నెమ్మదైన కుర్రాడు. ఏదో అడిగాడు. భాగ్యరేఖ నవ్వింది. మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో!

లేవబోతూ తిరుమలరావు ఆగాడు.

"ఏటీ అనుకోకండమ్మా. పిల్ల ఆరోగ్యం ఎలాగుంటాది? ఏదైనా ఉంటే చెప్పీండి. మాకేటీ అభ్యంతరం లేదు. మా ఆవిడ అడగమంది."

భాగ్యరేఖ తలెత్తి తల్లివైపు చూసింది.

"జ్వరమైనా ఎరగదు బాబూ మా పిల్ల," అంది లక్ష్మీకుమారి.

ఇంక నిజం చెబితే తల్లి పరువు పోతుంది. భాగ్యరేఖ తల దించుకుంది.

రెండ్రోజులకి అప్పలసూరి వచ్చాడు. వాళ్ళకి ఇష్టం లేదట. ఎందుకో ఆయనకీ తెలీదు.

మళ్ళీ టెంపోలు. మళ్ళీ మట్టి. ఇక్కడికి రావడమే దండగనిపించింది లక్ష్మీకుమారికి.

"ఏటి తక్కువైందో ఆ మహాతల్లికి! పిల్లని చూడకండానే వద్దనీసింది," అని కూతురి పొట్ట మీద పట్టీ సర్దుతూ తిట్టిపోసింది. "పోనీలే. అలాటి అత్తగారు తప్పిపోడమే మంచిది."

"నాకు ఆ సంబంధం నచ్చిందమ్మా," అంది భాగ్యరేఖ. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

పక్కనావిడ లేచింది. చాప చుట్టి గోడకానించింది. వెళ్ళబోతూ వంగి, భాగ్యరేఖ చెంప తుడిచింది. తర్వాత లక్ష్మీకుమారి వైపు తిరిగి, అచ్చమైన శ్రీకాకుళం తెలుగులో మెల్లిగా అంది.

"పిల్లని రోజూ చూస్తనే ఉన్నాను. నాకు శానా నచ్చింది. ఆదివారం మా ఆయన అడిగినప్పుడు మీరు నిజం చెప్పుంటే, దీని పథ్యం మా ఇంట్లో నేనే చూసుకుందును, వదినగారూ."