చదవకుండా కొట్టిన ఎస్

లైనక్స్ అప్‌డేట్ మధ్యలో ఏదో అడిగితే మా ఆయన చదవకుండానే ‘ఎస్’ కొట్టారు. ఇప్పుడు ల్యాప్‌టాప్ నల్ల తెర దగ్గరే ఆగిపోతోంది. దాన్ని మొదలుపెట్టే బూట్ ఫైలు చెడిందట.

ఆయన అందులో మునిగి ఉన్నారు కనుకనే నాకు అడిగే ధైర్యం వచ్చింది.

“ఏమండీ, ఏడుతోని ఆపిన చదువు... టెన్త్ రాయాలని ఉంది.”

“ఊఁ.”

“అందరు నవ్వుతరేమో.”

“ఊఁ.”

“గిది సుత చూడకుండనే కొట్టిన ఎస్సా?”

ఆయన పాత బూట్ ఫైలు వెతుకుతున్నారు. బియ్యం కడగడానికి లేచాను.

పాత ఫైలు తిరిగి పెట్టగానే తెర వెలిగింది. ఆయన వెంటనే ల్యాప్‌టాప్ మూసేశారు.

“బియ్యం తర్వాత కడుగు. అశోక్ నగర్ పోదాం పా.”

“ల్యాప్‌టాప్ సామానుకా?”

“టెన్త్ పుస్తకాలకు. నవ్వెటోళ్లను నవ్వనీ. ఈ ఎస్ మాత్రం మంచిగ విన్నంకనే కొట్టిన.”