సప్పుడు లేని సెంటర్

దుమ్ముగూడెం దాటాక అడవి అంచు ఊరు. పొద్దున్నే సెంటర్‌కు వెళ్తున్న అంగన్‌వాడీ టీచర్ హేమలతను వీరన్న దారిలోనే ఆపాడు.

“ఏంది టీచర్, నీ సెంటర్‌ల పాట లేదు, సప్పుడు లేదు. నా మనవరాలు ఇంట్ల నోరే ఇప్పుతలేదు. పిల్లను మూగదాన్ని చేస్తున్నవ్. సూపర్‌వైజర్‌కు చెప్త.”

హేమలత ఏడేళ్లు బెత్తంతో బల్లను కొడుతూ, అరుస్తూ పాఠాలు చెప్పింది. రోజూ తలనొప్పితో ఇల్లు చేరేది. ఈ ఏడాది అరవడం మానేసింది. ఇప్పుడు సెంటర్‌కు వెళ్లడానికి ఎప్పుడు తెల్లవారుతుందా అని ఎదురుచూస్తోంది.

“మీ పాప పొద్దంత మాట్లాడతనే ఉంటది,” అంది.

“అబద్ధాలు చెప్పకు.”

“పదకొండింటికి వచ్చి కిటికీ కింద నిలబడుండ్రి. మీకే తెలుస్తది.”

వీరన్న కోపంతోనే వచ్చి నిలబడ్డాడు. లోపల ఇప్పగింజలు కుప్పలు పోస్తూ ఓ పాప పక్కపిల్లకు గలగలా కబుర్లు చెబుతోంది. ఆ గొంతు తన మనవరాలిదేనని ఆయన పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

“ఇంట్ల మాట్లాడితే మా తాత అరుస్తడు. ఈడనైతే ఎవ్వరూ అరవరు.”

వీరన్న లోపలికి రాలేదు. చెప్పులు విప్పి చేత పట్టుకుని, అడుగుల చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.