బేసిన్‌లో ముద్ద

"ఆ సీసా బయటే పెట్టు" అంది సరోజినీదేవి, మూడోనాడు తిరగ కలుపుతున్న ఆవకాయ మీంచి తల ఎత్తకుండానే.

ఖాళీ సీసాతో వచ్చిన పాయల్ గుమ్మంలోనే ఆగిపోయింది. "పక్కింటివాళ్ళకీ, ఎదురింటివాళ్ళకీ ఇచ్చారుగా మామ్మగారూ! మాకు మాత్రం లేదా?"

"లేదు."

"మేం ఈ ఊరివాళ్ళం కాదనేగా? మా తాతయ్య రాజస్థాన్ నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్నా, నేను పుట్టింది తిరువూరులోనే. అయినా ఇక్కడ సేఠ్‌ గారమ్మాయినే. జోధ్‌పూర్ వెళ్తే మా మేనత్తలు మద్రాసీ పిల్ల అంటారు. ఇంతకీ నేనెవర్ని?"

"ముందు చేతులు కడుక్కురా, తర్వాత చెప్తా."

పాయల్ మూతి ముడుచుకునే కడుక్కొచ్చింది. ఈలోగా సరోజినీదేవి ఆవకాయని జాడీలోకి ఎత్తేసి, బేసిన్‌కి అంటుకున్న గుజ్జులో వేడివేడి అన్నం కలిపింది. ఎర్రటి ముద్ద ఒకటి చేసి పాయల్ చేతిలో పెట్టింది.

"సీసాలు బయటివాళ్ళకి. బేసిన్‌లో ముద్ద ఇంట్లోవాళ్ళకి. తిను."

పాయల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కారమా?"

"కారం కాదు. ఉప్పే తక్కువైంది మామ్మా."

సరోజినీదేవి చెయ్యి ఆగిపోయింది. "ఏంటీ? విస్సన్నపేట కాయలు తెప్పించి, దగ్గరుండి కొలిచి వేశాను. అందరూ బాగుందని సీసాలు పట్టుకెళ్ళారు!"

"బయటివాళ్ళు అలాగే అంటారు మరి."

"పొద్దున మా కోడలూ ఉప్పు తక్కువనే అంది. వచ్చే ఏడు మీరిద్దరే కలిపి చావండి, నేను కూర్చుని వంకలు పెడతాను!"

పాయల్ రెండో ముద్దకి చెయ్యి చాపింది.