రజిని ఒప్పుకోలేదు

సాయంత్రం స్నేహితులు ఉమామహేష్, దేవిదాస్ తమ ఇంటికి వస్తున్నారని భర్త చెప్పినప్పటి నుంచి రజినికి గుబులుగానే ఉంది. వాళ్లు వచ్చేది చాయ్ తాగడానికి కాదు. ఆమెను ఒప్పించడానికి.

హిమాలయాలకు పోయి గంగలో రాఫ్టింగ్ చేయాలన్న ఆలోచన అసలు ఆమె భర్త విజయ్ పాల్‌దే. ఎండాకాలంలో ఒక ఆదివారం, చర్చి నుంచి వస్తూ స్నేహితుల దగ్గర ఆగి, ఫోన్‌లో వీడియో చూపించి, "మొగోడన్నంక బతుకుల ఒక్కసారన్న గీ పడవ ఎక్కాలెరా" అన్నాడు. అని మరిచిపోయాడు కూడా. వాళ్లిద్దరూ మరిచిపోలేదు.

ఉమామహేష్‌కు రుద్రూర్ దగ్గర చెరుకు తోట ఉంది. తాతల నాడు కాలువ నీళ్లను వెతుక్కుంటూ కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఏ పని పట్టినా వదలడు. చెరుకు నరకడం మొదలయ్యేలోపు తిరిగి రావాలని దసరా తరువాతి వారం ఖాయం చేశాడు. దేవిదాస్‌కు బోధన్ బజారులో బట్టల దుకాణం. రాఫ్టులు నడిపే వాళ్లతో హిందీలో మాట్లాడే పని అతను తీసుకున్నాడు.

ఇక రోజూ వాదనలే. రెండు నదులు కలిసే దేవప్రయాగ దగ్గర ఎక్కాలా, ఇంకా కిందికి శివపురి దగ్గర ఎక్కాలా? దేవప్రయాగ మరీ దూరం అనేవాడు పాల్. సరే, శివపురి అంటే అక్కడ జనం ఎక్కువ అనేవాడు. ముందు వెనకా ఆలోచించే మనిషని ఇద్దరూ మెచ్చుకున్నారు.

నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలినప్పుడు ట్రాక్టర్ ట్యూబులు జత కట్టి సాధన కూడా చేశారు. వాళ్లిద్దరూ ట్యూబుల మీద కూర్చుని చెక్క పలకలతో తెడ్డు వేస్తుంటే, పాల్ గట్టు వెంట నడుస్తూ విజిల్ ఊదాడు. ముందుకు, ఆపు, వంగు అని ఆజ్ఞలన్నీ అతనివే. ఆ రోజు నుంచి అతని పేరు కెప్టెన్.

తీరా టికెట్లు తీసే వేళకు కెప్టెన్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. మా ఇంట్ల ఒప్పుకుంటలేదు అన్నాడు.

అందుకే ఈ రాక. ఉమామహేష్ తన భార్య ఝాన్సీని కూడా వెంట తెచ్చాడు. ఆడవాళ్లు చెబితే ఆడవాళ్లు వింటారని అతని నమ్మకం. రజిని అందరికీ చాయ్ ఇచ్చి, చేతులు కొంగులో చుట్టుకుని తలుపు పక్కన నిలబడింది. పాల్ సోఫా చివర తల వంచుకుని కూర్చున్నాడు.

దేవిదాస్ ఫోన్ ఆమె చేతికిచ్చాడు. నీలం రంగు రాఫ్టు ఒకటి తెల్లటి నురుగులోకి దూకి మాయమై, అవతల తేలింది. మళ్లీ చూపించమంది రజిని. రెండోసారి చూస్తూ ఊపిరి బిగబట్టింది.

"భయపెట్టకండి పాపం" అంది ఝాన్సీ.

లైఫ్ జాకెట్ ఉంటుందని, హెల్మెట్ ఉంటుందని, పక్కనే ఇంకో చిన్న పడవ కాపలాగా వస్తుందని ఉమామహేష్ ఓపిగ్గా వివరించాడు.

"మీ ఆయన మునిగితే నా దుకాణం నీ పేర రాసిస్త వదినా" అన్నాడు దేవిదాస్.

"ఆ అమ్ముడుపోని చీరలు ఎవరికి కావాలి?" అంది ఝాన్సీ.

అందరూ నవ్వారు. పాల్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

రజిని గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ చెప్పింది. చిన్నప్పటి నుంచీ నీళ్లంటే భయమని, కాలువ గట్టు మీద నడిచినా కళ్లు తిరుగుతాయని, ఆయన అక్కడ ఆ నీళ్లలో ఉంటే ఇక్కడ తనకు ముద్ద దిగదని.

ఉమామహేష్ వదలలేదు. "అయితే నువ్వూ రా చెల్లెమ్మా. ఝాన్సీ ఎలాగూ వస్తోంది. నీ కళ్ల ముందే ఉంటాడు."

రజిని తలెత్తింది. "ఆడోళ్లను సుత ఎక్కనిస్తరా అన్నా?"

"ఎందుకెక్కనివ్వరు? ముందు సీటు నీదే."

గొంతు దాకా ఒక మాట వచ్చింది. అప్పుడే పాల్ దగ్గాడు. రజిని అతని వైపు చూసింది. నుదురంతా చెమట. వచ్చిన మాట మింగేసింది.

"ఒద్దన్నా. నాతోని కాదు. ఆయనను గూడ పంప. నన్ను తప్పు వట్టకుండ్రి."

పాల్ లేచి నిలబడ్డాడు. ఇక ఆమెను ఏమీ అనొద్దన్నాడు. పెళ్లాం కంట నీళ్లు పెట్టించి తాను ఏ పడవా ఎక్కనని, మీరే వెళ్లి రమ్మని చెప్పాడు. ఉమామహేష్ అతని భుజం తట్టాడు. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని ఝాన్సీ రజిని చెయ్యి పట్టుకుంది. చెప్పులు తొడుక్కుంటూ దేవిదాస్ మాత్రం లోపలికి వినపడేలాగే గొణిగాడు.

"పులి అసొంటోన్ని పిల్లిని జేసి కూసోవెట్టింది."

రజిని ఖాళీ కప్పులు తీసింది. జీపు వీధి మలుపు తిరిగేదాకా పాల్ చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. తరువాత గొళ్లెం పెట్టి వచ్చి, ఫ్యాన్ కింద కూలబడి, నుదురు తుడుచుకున్నాడు.

"కందకుర్తిల నది ఈది పెరిగిన నువ్వు నీళ్లంటే భయమంటే అందరు నమ్మిండ్రు గని, ఆ భయం నాదని చెప్తే బోధన్ మొత్తం నవ్వుతుండె రజినీ."