ఉప్పు చూసే వేలు

మాలకొండమ్మ ఉప్పు చూద్దామని గరిటెలోకి తీసిన చేపల పులుసులో వేలు ముంచింది. వేలు పెదవికి తగలకముందే చేతి కంకణం అరిచింది: "కడుపు ఆపరేషనై ఆరో రోజు. పలచని ద్రవాలే తాగాలి. వేలు కడుక్కోండి." వెంటనే పొయ్యి ఆరిపోయింది. వేలు కడిగితేగానీ మళ్లీ వెలగలేదు.

ఒళ్లు తగ్గడానికి కడుపు చిన్నది చేయించుకున్నవాళ్లు ఇప్పుడు ఇంటికొకరున్నారు. ఈ కంకణాలూ, వాటి మాట వినే పొయ్యిలూ ఇంటింటికీ వచ్చాయి.

"ఉప్పు చూడకుండా వంటెట్టా చేసేది?" అంటూ ఆమె ముంజేతిని గోడకేసి కొట్టింది. చెయ్యి నొప్పి పుట్టిందేగానీ కంకణానికి ఏమీ కాలేదు.

మొగుడు పెంచలయ్య రోజులాగే తలొంచుకుని తిన్నాడు. "బాగుండాది మే."

"నా మీద ఒట్టేసి చెప్పు మామా."

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఉప్పు లేదు. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చినకాడ్నుంచీ లేదు. గుక్కెడు నీళ్లు మింగేదానికే అల్లాడతా ఉండావు, నీ వంటకి వంక పెట్టేదా?"

పెళ్లిళ్లలో పులుసుకని పిలిపించుకునే చెయ్యి ఆమెది. ఒళ్లు మండిపోయింది.

"నా కడుపులో ఇప్పుడు నాలుగు చెంచాలే పడతాయి. నీ జాలికి చోటు లేదు. ఇంకేం తక్కువయిందో చెప్పు."

పెంచలయ్య ధైర్యం తెచ్చుకున్నాడు. "పులుపు గూడా చాల్లా."

మాలకొండమ్మ అతని కంచం లాగేసింది. పులుసు మళ్లీ పొయ్యెక్కించి, చింతపండు నానేసి, ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుని, చెంచా అతని చేతిలో పెట్టింది.

"ఇక్కడే నిలబడు."